గోడ మీద నంబరు ఉంది, ఫోన్ ఎక్కడుంది?

సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన ఒక తీర్పు ఉత్తరాంధ్రవాళ్లందరూ చదవదగ్గది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ హాస్టల్లో ఉండగా మరణించిన ఒక విద్యార్థిని కేసులో దర్యాప్తును సీబీఐకి అప్పగించిన న్యాయస్థానం, అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు నిర్దేశించింది. వంద మందీ ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలన్నది వాటిలో ఒకటి. టెలీ మానస్ (14416) వంటి మానసిక ఆరోగ్య సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో, అందరూ మసలే చోట్ల పెద్ద అక్షరాలతో కనిపించేలా ప్రదర్శించాలన్నది మరొకటి. కౌన్సెలర్ల నియామకం సంగతి ఎలా ఉన్నా, నంబరు అతికించడం మాత్రం తేలిక కాబట్టి ఆ పని చాలాచోట్ల జరిగిపోయింది.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకుణ్ణి. ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) బాధ్యత కూడా ఉండటంతో పిల్లలను వెంటబెట్టుకుని చుట్టుపక్కల జూనియర్ కాలేజీలకూ, హాస్టళ్లకూ అవగాహన కార్యక్రమాల పేరిట వెళుతుంటాను. పేరు చెప్పనక్కరలేని ఒక ప్రైవేటు హాస్టల్లో మెట్ల పక్క గోడ మీద 14416 అన్న అంకెలు నీలిరంగులో నిండుగా కనిపించాయి. దాని కిందే ‘సెల్‌ఫోన్లు నిషేధం, దొరికితే జప్తు’ అన్న మరో కాగితం అతికించి ఉంది. పిల్లలు ఇంటికి మాట్లాడుకునేందుకు వార్డెన్ గదిలో ఒక ఫోన్ ఉంది, ఆదివారం సాయంత్రం గుమ్మం బయట వరుస కట్టి, వంతు వచ్చినప్పుడు వార్డెన్ బల్లకు ఎదురుగా నిలబడి మాట్లాడాలి. వెనకున్నవాళ్లకు ప్రతి మాటా వినిపిస్తుంది. ఆ ఫోన్లో ఎవరైనా 14416కి చేశారా అని అడిగితే వార్డెన్‌గారు నవ్వి, ‘మా దగ్గర అలాంటి పిల్లలు లేరండి’ అన్నారు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు కాగితాల గురించే. హెల్ప్‌లైన్ పిల్లలకు ఉపయోగపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ ఉపయోగమంతా, తమను ఎరగని ఒక మనిషితో ఎవరూ వినకుండా మాట్లాడగలగడంలోనే ఉంది. ఆ ఏకాంతం లేని చోట నంబరును ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా, తనిఖీకి వచ్చే అధికారికి చూపించడానికి తప్ప పనికిరాదు.

ముందు ఆ నంబరు వెనుక ఏముందో చెప్పాలి, ఎందుకంటే దాన్ని అతికించినవారిలోనే చాలామందికి ఆ సంగతి తెలియదు. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన టెలీ మానస్, ఆ సంవత్సరమే అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి దేశస్థాయి కేంద్రం. రాత్రీ పగలూ పనిచేసే ఈ నంబరుకు డబ్బు ఖర్చు కాకుండా ఫోన్ చేయవచ్చు. ముందుగా భాషను ఎంచుకోమంటారు, తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. పరిస్థితి కౌన్సెలర్ స్థాయిని దాటినదైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు. ప్రత్యక్షంగా డాక్టరుకు చూపించుకోవలసి వస్తే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికో, వైద్య కళాశాల ఆసుపత్రికో పంపుతారు. ఫోన్ ఎత్తగానే ఆత్మహత్య ఆలోచన ఉంటేనే మాట్లాడతామని ఎవరూ అనరు. నిద్ర పట్టకపోవడం, పరీక్ష అనగానే కడుపులో తిప్పడం, స్నేహితురాలు మాట్లాడటం మానేయడం, తాగి వచ్చే తండ్రి, వదలని సెల్‌ఫోన్ ఆట, వీటిలో ఏదైనా కారణంగా సరిపోతుంది.

ఇటువంటి సేవలు పుట్టిన తీరు కూడా మన వాదనకు అవసరమే. 1953లో లండన్‌లో చాడ్ వారా అనే మతాచార్యుడు సమారిటన్స్ సంస్థకు నాంది పలికాడు. అంతకు చాలా ఏళ్ల ముందు ఆయన అంత్యక్రియలు జరిపించిన ఒక బాలిక, మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు అదేదో చెడ్డ రోగమనుకుని, ఎవరినీ అడగలేక ప్రాణం తీసుకుంది. ఆమె గుర్తుండిపోవడమే తనను ఈ పనికి పురిగొల్పిందని ఆయన చెప్పుకున్నాడు. తీరా ఫోన్ పెట్టాక ఆయన గమనించినది ఇంకా ఆసక్తికరం. తనతో మాట్లాడటానికి వచ్చి బయట కూర్చున్నవాళ్లు, టీ అందిస్తున్న స్వచ్ఛంద కార్యకర్తలతో మాట్లాడి, మనసు తేలికపడి, చాలాసార్లు తన దాకా రాకుండానే వెళ్లిపోతున్నారు. దాంతో కొద్ది నెలలకే వినే బాధ్యతను ఆ కార్యకర్తలకే అప్పగించాడు. మన దక్షిణాదిలో 1986 నుంచి చెన్నైలో పనిచేస్తున్న స్నేహ, ఆ తర్వాత హైదరాబాద్‌లో వచ్చిన రోష్ని కూడా శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తల మీద ఆధారపడి నడిచినవే. వినడం చిన్న పనేమీ కాదు. మధ్యలో అడ్డుపడకుండా, ‘మా కాలంలో అయితే’ అని మొదలుపెట్టకుండా, తీర్పు చెప్పకుండా పావుగంట వినగలిగినవారు మన వీధిలో ఎంతమంది ఉన్నారో ఎవరికివారు లెక్కపెట్టుకోవచ్చు.

‘బయటివాళ్లతో చెప్పుకోవడమేమిటి, ఇంట్లో అమ్మా నాన్నా లేరా?’ అన్నది తల్లిదండ్రుల సమావేశాల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, కొంచెం చిన్నబుచ్చుకోవడం కూడా ఉంది. అయితే మన పల్లెల సంగతి మనకు తెలియనిది కాదు. ఊళ్లో సగం మంది బంధువులు, మిగిలిన సగం మంది వరసకు మామయ్యలో పిన్నులో. జ్వరం వచ్చిందని ఆర్ఎంపీ దగ్గరకు వెళ్లి ఇంటికొచ్చేలోపు ఆ కబురు మనకంటే ముందే చేరుతుంది. అటువంటి చోట పదహారేళ్ల అమ్మాయి తనకు బతకాలని లేదని చెబితే, రేపు ఆమె పెళ్లి మాటల్లో ఆ సంగతి ఎవరు ఎక్కడ తీస్తారో అన్న భయం తల్లికే ముందు పుడుతుంది. తల్లి భయపడుతుందని అమ్మాయికి తెలుసు కనుక చెప్పదు. పైగా పిల్లవాడి బాధకు కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. పొలం తనఖా పెట్టి కోచింగ్‌కు కట్టిన తండ్రితో ‘నాకు ఈ చదువు రావడం లేదు’ అని కొడుకు ఎలా చెబుతాడు? ఆ తండ్రి ఎంత మంచివాడైతే ఆ మాట అంత బరువెక్కుతుంది. ముక్కూ మొహం తెలియని కౌన్సెలర్‌కు ఆ పొలంతో సంబంధం లేదు, ఆ మాట చెప్పినందుకు పిల్లవాడు రేపు ఆమె ముఖం చూడవలసిన పనీ లేదు. మొదటిసారి బయటపడే మాటకు అటువంటి చోటు కావాలి. రెండోసారి అదే మాటను ఇంట్లో చెప్పడానికి ధైర్యం అక్కడి నుంచే వస్తుంది, ఎలా చెప్పాలో కౌన్సెలర్లు సాయపడతారు కూడా.

ఒక కార్యక్రమం అయ్యాక పిల్లలందరూ వెళ్లిపోయిన తర్వాత ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ వచ్చి, ‘ఆ నంబరుకి ఫోన్ చేస్తే మా ఇంటికి చెప్పీస్తారా మాస్టారూ?’ అని అడిగింది. మేం చూపించిన బొమ్మలన్నిటిలో ఆమెకు కావలసిన సమాధానం లేదు. కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మాట్లాడిన సంగతులను గోప్యంగా ఉంచడం ఈ సేవల ప్రాథమిక నియమం, ఇంటికో కాలేజీకో కబురు పెట్టడం వారి పని కాదు. అయితే దీనికి హద్దులు ఉన్నాయి. ప్రాణానికి అప్పటికప్పుడు ప్రమాదం ఉందనిపిస్తే ఆ మనిషిని కాపాడటానికి ఇతరుల సాయం తీసుకోవలసి వస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగినట్టు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలపాలి, కౌన్సెలర్‌కూ ఉపాధ్యాయుడికీ మినహాయింపు లేదు. ఈ హద్దులను పిల్లలకు ముందే చెప్పాలని నా అభిప్రాయం. ‘ఎవరికీ ఏమీ చెప్పరు’ అని తీయగా చెప్పి పంపితే, ఆ తర్వాత జరిగేదానికి ఆ పిల్ల మరెవరినీ నమ్మదు.

గోప్యత అనేది ఫోన్ అవతలివైపు ఎంత భద్రంగా ఉన్నా, ఇవతలివైపు ఎలా ఉందన్నది వేరే ప్రశ్న. మన జిల్లాలో చాలా ఇళ్లలో ఆడపిల్లకు సొంత ఫోన్ ఉండదు, ఉన్నా దాని లాక్ అన్నకు తెలుసు. తమ్ముడి ఫోన్ తీసుకుని దొడ్లోకి వెళ్లి మాట్లాడి, కాల్ చరిత్రలోంచి ఆ నంబరు తొలగించి తిరిగి ఇవ్వాలి. బాగోగులు కనుక్కోవడానికి అవతలి నుంచి మళ్లీ ఫోన్ వస్తే అది ఎవరు ఎత్తుతారు? అందుకని, తొలిసారి మాట్లాడినప్పుడే ‘ఈ నంబరుకు తిరిగి చేయవచ్చా, ఏ వేళకు చేస్తే మంచిది, ఇంకెవరైనా ఎత్తితే ఏం చెప్పమంటారు’ అని కౌన్సెలర్ అడగడం మన ప్రాంతంలో అత్యవసరం. వాళ్లు అడగకపోతే ఫోన్ చేసినవారే ఆ మాట చెప్పుకోవచ్చునని పిల్లలకు నేర్పాలి.

ఫోన్ చేతిలో ఉండి మనిషి తోడు లేనివాళ్లు ఇంకో వర్గం. ఉద్దానం నుంచీ తీరప్రాంత గ్రామాల నుంచీ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నైలలో భవన నిర్మాణం పనికో, గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల పడవల మీదకో వెళుతుంటారు. వీళ్లను యువత మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడేవారెవరూ పెద్దగా తలవరు, ఎందుకంటే వీళ్లు ఏ కాలేజీ రిజిస్టరులోనూ ఉండరు. పది మంది ఒకే గదిలో పడుకునే ఆ కుర్రాడికి అర్ధరాత్రి తెలుగు వినిపించే ఒక గొంతు అందుబాటులో ఉందంటే అది ఆ 14416 ఒక్కటే కావచ్చు. పరాయి రాష్ట్రంలో ఉన్నా భాష ఎంపికలో తెలుగు ఉంటుందని వాళ్లకు చెప్పేవారు కావాలి. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు ఆ భాషనే ఎంచుకోవచ్చు. మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర పిల్లలకు మాత్రం ఆ అదృష్టం లేదు. బాధ తల్లిభాషలోనే చెప్పుకోవాలనిపించే పిల్లలకు ఆశ్రమ పాఠశాలలో సవర తెలిసిన ఉపాధ్యాయుడో ఆయానో శిక్షణ పొంది ఉండటం తప్ప ప్రస్తుతానికి వేరే దారి నాకు కనిపించడం లేదు.

ఫోన్లో మాట్లాడితే నిజంగా ఏమైనా మారుతుందా అని అడిగేవారికి రెండు పరిశోధనలను గుర్తుచేస్తాను. మాడెలిన్ గౌల్డ్ బృందం 2007లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, ఆత్మహత్య ఆలోచనలతో ఫోన్ చేసినవారిలో ఆ తీవ్రత సంభాషణ ముగిసేసరికి గణనీయంగా తగ్గింది, తర్వాతి వారాల్లో నిరాశ, మనోవేదన కూడా తగ్గుతూ వచ్చాయి. కానీ కొందరిలో ఆ ఆలోచనలు మళ్లీ తలెత్తాయి కూడా. ఒక్క సంభాషణ చాలదని, మళ్లీ మళ్లీ పలకరించాలని దీని అర్థం. ఆ పలకరింపు విలువ ఎంతో చెప్పేది రెండోది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా అయిదు దేశాల్లోని అయిదు చోట్ల జరిపించి 2008లో వెలువరించిన అధ్యయనం. ఆత్మహత్యా ప్రయత్నం చేసి ఆసుపత్రికి చేరిన 1,867 మందిలో కొందరికి మామూలు వైద్యం మాత్రమే చేశారు. మిగిలినవారితో ఒక గంటసేపు మాట్లాడి, ఆ తర్వాత 18 నెలల పాటు ఫోన్ ద్వారానో ఇంటికి వెళ్లో తొమ్మిదిసార్లు బాగోగులు కనుక్కున్నారు. మామూలు వైద్యం పొందినవారిలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోగా, పలకరింపు అందినవారిలో అది 0.2 శాతమే. పెద్ద మందులూ యంత్రాలూ ఏవీ లేవు అక్కడ, ‘ఎలా ఉన్నావు’ అని అడిగిన మనిషి ఉన్నారంతే. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పిన లెక్కను పక్కనే ఉంచుకుని ఈ అంకెలు చూడాలి.

ఇలా అన్నానని హెల్ప్‌లైన్ అన్నిటికీ మందు అనుకోకూడదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైనప్పుడు అంబులెన్సే ఆపరేషను కూడా చేస్తుందని ఎవరూ ఆశించలేదు, అది వేగంగా వచ్చి ఆసుపత్రి దాకా చేరుస్తుందని, ఆసుపత్రిలో డాక్టరు ఉంటాడని నమ్మాం. 14416 కూడా అంతే. అవతల ఉన్న కౌన్సెలర్ ‘మీరు డాక్టరుకు చూపించుకోవాలి’ అన్న తర్వాత ఇవతల ఏముంది? శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి మానసిక విభాగం దాకా రావడానికి ఇచ్ఛాపురం పిల్లవాడికి ఒక పూట పడుతుంది, కూడా పెద్దవాళ్లు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అంతకంటే ముందు, ఆ మాట వినగానే ఇంట్లో అందరికీ విశాఖ మానసిక ఆసుపత్రి గుర్తొస్తుంది, ఇచ్ఛాపురం నుంచి అది రెండు వందల కిలోమీటర్ల పైమాటే, అక్కడికి వెళ్లడమంటే ఊరికి పిచ్చివాడిగా తిరిగి రావడమేనని ఇప్పటికీ అనుకునేవారున్నారు. ఈలోగా తాయెత్తులు, దిష్టి తీయడాలు, చెయ్యి చూపించడాలు ఎలాగూ నడుస్తూనే ఉంటాయి. వాటిని నేను వెక్కిరించను. దగ్గరలో అవే ఉన్నాయి, అవి కట్టేవాడు పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి మాట్లాడతాడు. సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో వారానికి ఒక రోజైనా మానసిక వైద్యం తెలిసిన డాక్టరు కూర్చుంటే, ఫోన్లో మొదలైన పని పూర్తి కావడానికి అవకాశం ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదలైన ఉద్దేశమే అది కదా.

పోలీసు కేసు భయం గురించి ఒక్క మాట. ప్రాణం తీసుకోబోయానని చెబితే కేసు పెడతారని పిల్లలూ పెద్దలూ ఇంకా అనుకుంటున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు, ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికో అడ్డుకోవడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే మాత్రమే నేరమనే వేరే నిబంధన ఉంది. ఇది ప్రతి తల్లికీ తెలియాలి.

అధ్యాపకుల్లో ఉన్న మరో భయం ఏమిటంటే, ‘చనిపోవాలనిపిస్తోందా’ అని నోరు తెరిచి అడిగితే లేని ఆలోచన రేపినవాళ్లమవుతామని. పరిశోధనలు దీన్ని సమర్థించలేదు. సూటిగా, మెల్లగా అడిగితే పిల్లలకు ఊపిరి ఆడినట్టుంటుంది, వాళ్లు ఆ ప్రశ్న కోసమే చూస్తున్న సందర్భాలు ఉంటాయి. కౌన్సెలర్లు కూడా ఆ ప్రశ్నను దాటవేయరు. ఆ తర్వాత ఇప్పుడు ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, అన్నం తిన్నావా, ఈ రాత్రి ఎవరి దగ్గర పడుకుంటావు అని చిన్నచిన్న సంగతులు అడుగుతూ పోతారు. గండం గడవాల్సింది తరచుగా ఆ ఒక్క రాత్రే.

ఇక నా కోరిక. ప్రతి రెసిడెన్షియల్ కాలేజీలోనూ, హాస్టల్లోనూ తలుపు వేసుకోగలిగిన ఒక చిన్న గది, అందులో ఒక మామూలు ఫోన్ ఉండాలి. ఆ ఫోన్ నుంచి 14416, పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112, ఈ మూడింటికి తప్ప మరో నంబరుకు కాల్ వెళ్లకుండా కట్టడి చేయవచ్చు. గదిలోకి ఎవరు వెళ్లారో రాసే పుస్తకం ఉండకూడదు. తాళం వార్డెన్ దగ్గర ఉండకూడదు, అసలు తాళమే వద్దు. ఈ మాట నేను ఒక ప్రిన్సిపాల్‌గారితో అంటే, ఆయన ముందు ఖర్చన్నారు, తర్వాత ‘ఆడపిల్లలు ప్రేమ వ్యవహారాలకు వాడుకుంటారు మాస్టారూ’ అన్నారు, చివరకు ‘మా కాలేజీ నుంచి కాల్స్ ఎక్కువ వెళ్లాయని తెలిస్తే అడ్మిషన్లు పడిపోవా?’ అన్నారు. మొదటిదానికి జవాబు అక్కర్లేదు, ఫ్లెక్సీ బ్యానరుకయ్యే ఖర్చుతో ఆ ఫోన్ వస్తుంది. రెండోదానికి ఆ మూడు నంబర్ల కట్టడే సమాధానం. మూడోదే అసలు అడ్డంకి, దానికి జవాబు కాలేజీ చేతిలో లేదు. ఏ కాలేజీ నుంచి ఎన్ని కాల్స్ వచ్చాయన్న లెక్కను ఎక్కడా బయటపెట్టబోమని ఇంటర్ విద్యామండలీ జిల్లా యంత్రాంగమూ రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఫోన్ గది ఉందా లేదా అన్నది మాత్రం అనుబంధ గుర్తింపు తనిఖీలో చూడాలి.

ఈ ఏర్పాటు జరగవలసిన సమయం కూడా ముఖ్యం. మార్చిలో పరీక్షలు అయ్యాక పిల్లలు పెట్టెలు సర్దుకుని ఇళ్లకు పోతారు, ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చేసరికి హాస్టల్ ఖాళీ, కౌన్సెలర్ ఉన్నా సెలవులో ఉంటారు, మార్కులు చూసుకునేది తండ్రి ఫోన్లో. అందుకని డిసెంబరు, జనవరి నెలల్లోనే పిల్లలు ఆ గదిలోకి వెళ్లి ఒకసారైనా ఆ నంబరుకు ఫోన్ చేసి, భాష ఎంచుకుని, అవతలి గొంతు విని రావడానికి వీలు కల్పించాలి. మార్కుల మెమోతో పాటు సప్లిమెంటరీ తేదీలనూ ఫీజు గడువునూ పంపే కాలేజీ ఎస్ఎంఎస్‌లో ఈ అయిదంకెలను కూడా చేర్చడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.